పరోటా అంగడి కోడలు

పోయిన నెల మా మనవరాలు శిల్ప నన్ను హోసూరులో కొత్తగా పెట్టిన ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయింది. ఆఫీసులో దానికి జీతం పెంచారు. ఆ సంతోషంలో అవ్వకు ఒక పూట బయట తినిపించాలని దాని ముచ్చట. చల్లటి గాలి వీచే గది, మెత్తటి కుర్చీలు, బల్లమీద మడిచి నిలబెట్టిన కాగితం గుడ్డలు. ఒక దోసె తిని, కాఫీ తాగి, మర్యాదగా లేచి వచ్చేద్దామని నేననుకున్నాను. శిల్ప ఊరుకుంటుందా! వడ్డించే మనిషి రాగానే అరవంలో విచారణ మొదలుపెట్టింది. దోసె పోసే పెనం మీదనే చపాతీలు కూడా కాలుస్తారా, సాంబారులో వేసే ఇంగువలో గోధుమపిండి కలిసి ఉంటుందా, పూరీ కూరలో పెట్టిన గరిటెనే చట్నీలో కూడా పెడతారా. ఆ మనిషి కాసేపు తల గోక్కుని, వంటగది గుమ్మం దగ్గరికి పోయి హాలంతా వినపడేటట్టు కేక వేశాడు. "మాస్టర్! మూల టేబులు అవ్వకు గోధుమ పడదంట! పెనం బాగా కడిగి దోసె పొయ్యండి!"

హాలులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పక్క బల్ల దగ్గర ఒకావిడ తన పెనిమిటి చెవిలో ఏదో చెప్పింది. ఆయన పూరీ నములుతూనే నన్ను ఎగాదిగా చూశాడు. నేను కొంగు భుజాల మీదుగా లాక్కుని, తల దించుకుని, నీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. చెవులు మండిపోయాయి. దోసె వచ్చింది, బాగానే కాలింది, కానీ సగం అట్లాగే వదిలేశాను.

"ఎందుకవ్వా అట్ల ముడుచుకుంటావు? నువ్వేమన్నా దొంగతనం చేసినావా?" అంది శిల్ప.

"సిగ్గైతాది మే."

"షుగరోళ్లు కాపీలో చక్కెర వద్దని అరిచి చెప్తారు గదా. వాళ్లకు ల్యాని సిగ్గు నీకెందుకు?"

నాకున్న జబ్బే దానికీ ఉంది. ముందు బయటపడింది దానికే. నెలల తరబడి కడుపు ఉబ్బరం, నీరసం, రక్తం పట్టకపోవడం. బెంగళూరు డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, గొట్టం వేసి పేగు చూసి, సీలియాక్ అని పేరు చెప్పింది. గోధుమలో జిగురులాంటిది ఒకటి ఉంటుందట. మైదా, రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, అన్నింటిలో అదే. అది లోపలికి పోతే మా ఒళ్లు మా పేగునే కొరుక్కుని తినేస్తుందట. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తసంబంధంలో వస్తుంది కాబట్టి ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమంది. చేయిస్తే అవ్వ దొరికిపోయింది. అరవై దాటాక, పళ్లు సగం రాలిపోయాక, నా చిన్నతనపు పీడకు ఒక పేరు దొరికింది.

ఇంట్లో మాకిప్పుడు ఏ బాధా లేదు. పిండిమరలో గోధుమ ఆడించిన వెంటనే మన రాగులు ఆడిస్తే అవీ ఇవీ కలిసిపోతాయని శిల్ప ఇంట్లోకే చిన్న మిషను కొనింది. మా ఇద్దరికీ వేరే పెనం, వేరే గరిటెలు. అంగట్లో దొరికే ఇంగువ మానేసి తాలింపులో వెల్లుల్లి దంచి వేస్తున్నాం. ఉదయం రాగి దోసెలు, లేకపోతే సామల ఉప్మా. మధ్యాహ్నం రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచిన బస్సారు. సాయంత్రం ఉడకబెట్టిన అలసందలు. శిల్ప బుగ్గలకు రంగు వచ్చింది. నా మోకాళ్లకు కూడా ఈ మధ్య సత్తువ వచ్చింది. ఇల్లు దాటితేనే తంటా. పెళ్లి, సీమంతం, హోటలు, ఎవరింటికైనా పోయి కాఫీతో ఇచ్చే రెండు బిస్కెట్లు. వద్దంటే వాళ్ల మొహం చిన్నబోతుంది, తింటే నా కడుపు ఊరుకోదు. ఈ సిగ్గు ఎక్కడి నుంచి పట్టుకుందో శిల్పకు హోటల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివింది అయిదో తరగతే, తప్పులుంటే సర్దుకోండి.

మా పుట్టిల్లు గురుబరపల్లి నుంచి లోపలికి ఉన్న ఒక చిన్న పల్లె. గొర్రెలు, రెండు చెక్కల మెట్ట పొలం, అందులో రాగులు, అనుములు, ఉలవలు. మా అమ్మ పొయ్యిమీద నల్లటి మట్టికుండ పెట్టి, నీళ్లు మరిగాక రాగిపిండి కుప్పగా పోసి, నడిమధ్య తెడ్డు గుచ్చి వదిలేసేది. పిండి చుట్టూ నీళ్లు బుడబుడమని పొంగుతూ ఉంటే ఆ వాసన వాకిలి దాకా వచ్చేది. కాలుతున్న మట్టి వాసన, కొంచెం తీపి. తర్వాత రెండు కాళ్లతో కుండను అదిమిపట్టి, తెడ్డు తిప్పి గెలికి, తడి చేత్తో ముద్దలు కట్టేది. నమలకూడదు, చారులో దొర్లించి మింగాలి. నాన్న మింగుతుంటే గొంతులో ముద్ద దిగడం కనిపించేది. పొద్దున ముద్ద, మాపటికి ముద్ద, మధ్యలో రాగంబలి. ఆ ఊరి పిల్లలందరిలాగే నేనూ నల్లగా గట్టిగా, గొర్రెల వెంట మైళ్లు నడిచే పిల్లని.

గోధుమ అనేది మా ఇంట్లోకి జ్వరంతో పాటే వచ్చేది. పిల్లలకు ఒళ్లు కాలితే మా అమ్మ రోడ్డుమీది టీ కొట్టు నుంచి బన్ను తెప్పించి పాలలో ముంచి తినిపించేది. జ్వరానికి బన్ను, నీరసానికి రస్కు, ఇంకా పెద్ద జబ్బుకు బ్రెడ్డు. మా వైపు ఇప్పటికీ ఆసుపత్రికి చూడబోతే బ్రెడ్డు ప్యాకెట్టే పట్టుకుపోతారు. తమ్ముళ్లు బన్ను కోసం జ్వరం రావాలని మొక్కుకునేవారు. నాకు మాత్రం జ్వరం పోయినా కడుపు జారడం పోయేది కాదు. "దీనికి జ్వరం కడుపులోకి దిగిపోతాదబ్బా" అని మా అమ్మ ఇంకొక బన్ను తెప్పించేది.

నా పెళ్లి కుదిరింది జూజువాడిలో. అప్పట్లో అక్కడ చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి గంటల తరబడి ఆగేవి. ఆ డ్రైవర్ల కోసం మా మామ రోడ్డు పక్కన పరోటా అంగడి పెట్టాడు. ముందర రేకుల పందిరి, నాలుగు బెంచీలు, వెనక మేముండే రెండు గదులు. సంబంధం కుదిరినప్పుడు మా నాన్న ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. "నా బిడ్డకింక ముద్ద పీడ ల్యా. దినామూ పరోటానే!" అంటే విన్నవాళ్లు నిజంగానే నోళ్లు తెరిచారు.

అంగడి పని తెల్లవారకముందే మొదలయ్యేది. మా అత్త తిమ్మక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని మైదా పిసికేవాళ్లం. ఉప్పు, చక్కెర, నూనె వేసి, పిండి చెవి తమ్మె అంత మెత్తగా అయ్యేదాకా. తర్వాత ఉండలు చేసి తడిగుడ్డ కప్పాలి. మా ఆయన వాటిని బండమీద పలచగా సాగదీసి, గాలిలో విసిరి, మడతలు చుట్టి పెనం మీద వేసేవాడు. కాలినవాటిని పేర్చి రెండు చేతులతో పక్కలనుంచి కొడితే పొరలు విడేవి. ఆ చప్పుడు వినే లారీలు ఆపేవాళ్లు. పక్క పొయ్యి మీద సాల్నా ఉడికేది, పరోటాలో పోసుకునే పలచటి మసాలా పులుసు. తమిళం, కన్నడం, హిందీ, తెలుగు అన్నీ ఆ బెంచీల మీద కలిసిపోయేవి. ఇంట్లోవాళ్లు తినేది చివరికి, మిగిలిన పరోటాలు తుంచి సాల్నాలో నానబెట్టుకుని. ముద్ద మాట ఎత్తితే మా మామకు కోపం. "పరోటా అంగడోళ్లే ముద్ద మింగితే గిరాకి యాడొస్తాది? మన తిండి మీద మనకే నమ్మకం ల్యాదంటారు" అనేవాడు.

మొదటి వారం పండగలాగా తిన్నాను. పది రోజులు తిరగకముందే కడుపు తిరగబడింది. అక్కడ దొడ్డి లేదు. ఆడవాళ్లంతా వెనకనున్న నీలగిరి తోపులోకి పోవాలి. ఆ తోపు గట్టుమీదనే లారీలు ఆగేవి. మిగిలినవాళ్లు చీకటితో పోయి చీకటితో వస్తారు. నేను చెంబు పట్టుకుని పట్టపగలు, మళ్లీ మళ్లీ పోవాలి. లారీ మీద కూర్చున్న క్లీనర్లు నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. ఒకడు ఈల వేసేవాడు. నేను చెంబును కొంగు కింద దాచుకునేదాన్ని. చెంబు దాచుకున్నంత మాత్రాన ఎక్కడికి పోతున్నానో తెలియకుండా ఉంటుందా? అయినా దాచుకునేదాన్ని.

మూడు నెలలకు గాజులు మోచేతి దాకా జారాయి. దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడేది. నెల తప్పితే ఇంట్లో సంతోషపడ్డారు. అది కడుపు కాదని, ఒంట్లో రక్తం లేక ఆగిపోయిందని తర్వాత తెలిసి నేనే అందరికీ ద్రోహం చేసినట్టు తల దించుకున్నాను. ఒకరోజు నీళ్లు అందించడానికి ముందుకు వస్తే కోలారు డ్రైవరొకడు నన్ను చూసి మా మామతో అన్నాడు. "ఏమప్పా, మీ పరోటా తింటే ఇట్లయితారా? అట్లైతే నాకు వద్దులే, రెండు అరటిపండ్లు ఇయ్యి." బెంచీలన్నీ పగలబడి నవ్వాయి. మా మామ కూడా నవ్వాడు, కానీ ఆ సాయంత్రమే గుమ్మానికి గోనెపట్టా కట్టించాడు. గిరాకీ ఉన్నంతసేపూ నేను ఆ పట్టా దాటి బయటకు రాకూడదు. అన్నం అమ్మే ఇంటికి నాలాంటి కోడలు దిష్టిబొమ్మతో సమానం. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ స్థానంలో నేనున్నా కట్టించేదాన్నేమో.

మా అత్త మంచిది. పట్టా లోపలికి వచ్చి పెనం మీది మొదటి పరోటా, గుడ్డు కొట్టి పోసినది, నెయ్యి రాసినది నా ముందు పెట్టేది. "తిను తల్లీ. పిండిలోనే బలముండేది. నువ్వు సరిగ్గా తినకుంటివి, దానికే ఇట్ల." ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుంటే వద్దని చెప్పడానికి నోరు రాదు. తినేదాన్ని. తిని, చెంబు తీసుకుని తోపులోకి పోయేదాన్ని. ఆమె ఎంత ప్రేమగా పెడితే నేనంత చిక్కిపోయాను.

పండక్కి పుట్టింటికి పోతే మాత్రం పది రోజుల్లో మనిషినయ్యేదాన్ని. మళ్లీ జూజువాడికి వస్తే మళ్లీ కట్టెపుల్ల. ఇది చూసి మా ఊరివాళ్లు అనుకునేది ఒక్కటే, అత్తగారింట్లో కూడు పెట్టడం లేదని. ఒక మధ్యాహ్నం, బెంచీలన్నీ నిండి ఉన్న వేళ, మా అమ్మ అనపకాయల సంచి చంకన పెట్టుకుని బస్సు దిగింది. పట్టా తీసి నన్ను చూసింది. సంచి అక్కడే పడేసి బెంచీల మధ్యకు పోయి నిలబడింది.

"ఊర్లో లారీవోళ్లందరికీ వండి పెడతాండారే, నా బిడ్డకొక పిడికెడు కూడు ల్యాదా ఈ ఇంట్లో? మా ఇంట్లో ఉంటే కుండలాగుంటాది, ఈడికొస్తే పుల్లైతాది. ఏం పెడతాండావు వదినా నా బిడ్డకు? చెప్పు, ఇంతమంది ముందర చెప్పు!"

మా అత్త చేతిలోని సాల్నా గరిటె గిన్నెలో వదిలేసింది. "నా బిడ్డలమీద ఒట్టు వదినా. మొదటి పరోటా దానికే పెడతాండాను."

"మొదటిది తిన్నోళ్లు ఇట్లుంటారా?"

నేను వినలేక పట్టా దాటి బయటకు వచ్చాను. "అమ్మా, అరవద్దు. అత్త కడుపునిండా పెడతాంది. నేనే తింటాండాను. తినింది నిలిచేదిల్యా" అన్నాను. చెప్పింది నిజమే. మా అమ్మ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, భయంగా అడిగింది. "అట్లైతే నీకేం రోగమే?"

ఒక డ్రైవరు సగం తిన్న పరోటా వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అతని వెనకే ఇంకొకడు. మా ఆయన పిండి చేతులతో బండ దగ్గర నిలబడి తలెత్తలేదు. మా మామ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అమ్మా, బిడ్డను పిల్చుకపొండి. బాగైనాక చూస్తాము" అన్నాడు. దాని అర్థం అందరికీ తెలుసు. పరోటా అంగడికి ఇంకొక కోడలిని చూసుకుంటారని.

పుట్టింట్లో ముద్ద తిని కోలుకున్నాను. కోలుకుంటున్నకొద్దీ నా సిగ్గు పెరిగింది. గుండ్రాయిలాగా ఉన్న పిల్లను మొగుడు ఎందుకు వదిలేశాడని అడిగితే ఏం చెప్పను? నీళ్ల దగ్గర ఆడవాళ్లు "జూజువాడోళ్లు వేరే పిల్లను చూస్తాండారంట" అని నాకు వినపడేటట్టే మాట్లాడేవారు. జూజువాడి నుంచి ఒక్క కబురూ రాలేదు. చివరికి ఒకరోజు మా అత్త ఒక్కతే బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది.

మా అమ్మ ఆమెను పలకరించలేదు, కానీ తిండివేళ గనుక ముందర కంచం పెట్టి ముద్దా, ఉలవచారూ వేసింది. మా అత్త చారులో ముద్దను దొర్లించి, తునక తుంచి, నమలకుండా గుటుక్కున మింగింది. కళ్లు మూసుకుని ఇంకొక తునక. మా అమ్మ ఉండబట్టలేక అడిగింది.

"నీకు ముద్ద మింగేది వచ్చా వదినా?"

"మాది బర్గూరు దగ్గర రాయి కొట్టే ఇల్లు వదినా. ముద్ద తినకుంటే సమ్మెట లేస్తాదా? ఆ అంగడి పెట్టినాక ఈయప్ప తిననిచ్చేదిల్యా."

"నా బిడ్డను ఒదిలేస్తారా?" అని మా అమ్మ సూటిగా అడిగేసింది.

"ఒదిలేసేదానికైతే నేనెందుకొస్తాను? ఏం పెడితే ఇది బాగైతాందో చూసిపోదామని వచ్చినాను."

నాలుగైదు రోజులు మా ఇంట్లోనే ఉంది. నేను ఏం తింటున్నానో, ఎన్నిసార్లు బయటికి పోతున్నానో కనిపెట్టి చూసింది. నాకు అది కూడా సిగ్గే. చివరికి తేల్చింది. "నీ కడుపుకు ఈ మన్నులో పండిన రాగులే పడతాయి. ఈ నీళ్లదో ఏమో గుణం." కారణం తప్పు, తిండి మాత్రం సరైనదే. మా నాన్న దగ్గర ఒక మూట రాగులు అడిగి బస్సు మీద వేయించి, నన్ను వెంటపెట్టుకుని జూజువాడిలో దిగింది. మా మామ ఏదో అనబోతే, "నా కోడలు, నేను పిల్చుకొస్తిని" అని లోపలికి తీసుకుపోయింది.

అప్పటినుంచి మా అత్త అందరికంటే ముందు లేచి, వెనక గోడ దగ్గర మూడు రాళ్లు పెట్టి, నాకోసం దొంగచాటుగా ముద్ద గెలికేది. పిండి పిసికే పని నాకు తప్పించి తానే చేసుకునేది. ఒకరోజు మా మామకు వాసన తగిలింది.

"ఏంది వాసన?"

"పశువుకు కుడితి కాస్తాండాను."

"మనకు పశువు యాడుండాదే?"

"పక్కింటోళ్ల పశువుకు."

"పక్కింటోళ్లకు మాత్రం యాడుండాది?" అన్నాడాయన, కానీ లేచి వచ్చి చూడలేదు. నేను గోడ వైపు తిరిగి కూర్చుని, కొంగు చాటున మింగేదాన్ని. నా ఒళ్లు కొంచెం కొంచెం నిలబడింది. తర్వాత మా కొడుకు పుట్టాడు. బాలింతకు మంచిదని అందరూ రస్కులూ బ్రెడ్డూ పెడితే, మళ్లీ పడిపోయాను. మా అత్త అవన్నీ తీసుకుపోయి లారీవాళ్లకు పంచేసింది.

అసలు పరీక్ష మా ఆడబిడ్డ పెళ్లిలో వచ్చింది. మగపెళ్లివారిది కృష్ణగిరి, అక్కడే కల్యాణం. పొద్దున పంక్తిలో కూర్చుంటే ఆకులో కేసరి, రవ్వ ఉప్మా, పూరీ, పైగా మేము పరోటా అంగడివాళ్లమని మర్యాదకు పరోటా. నేను తినదగ్గది ఒక్కటీ లేదు. వియ్యపురాలు నా ముందే నిలబడి, "ఏమ్మా, మా ఇంటి పూరీ చేత్తో ముట్టకుంటివి? బాగలేదా?" అంది. పెళ్లికొడుకు తల్లి అడిగితే పెళ్లికూతురి వదిన ఏమనాలి? ఉప్మా వైపు చెయ్యి పెట్టబోయాను. అంతలో మా అత్త వెనకనుంచి వచ్చి, సంచిలోనుంచి అరిటాకులో చుట్టిన ముద్ద తీసి నా ఆకులో పెట్టింది. నల్లగా, గుండ్రంగా, తెల్లటి పూరీల మధ్యలో.

పంక్తి మొత్తం వంగి చూసింది. మగపెళ్లివారి పెద్దాయన గట్టిగా అన్నాడు. "చూడండప్పా! ఊరికంతా పరోటా పెట్టేటోళ్లు కోడలికి ముద్ద పెడతాండారు!" నవ్వులు ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చాయి. ఇంకొకరు, "పరోటాలన్నీ అమ్ముకుంటే దీనికి దక్కవేమో" అన్నారు. నా తల మోకాళ్లలోకి పోయింది. ముద్దను ఆకు అంచుకు తోసేసి పూరీ తుంచాను. తినేసి చస్తే చస్తాననుకున్నాను. నోటి దాకా తెచ్చిన నా మణికట్టు మా అత్త పట్టుకుంది. పెళ్లికూతురి తల్లి, అందరూ తిన్నాక చివరి పంక్తిలో కూర్చోవలసిన మనిషి, నన్ను పక్కకు జరిపి నా పక్కన చాపమీద కూర్చుంది. నా ముద్దలో సగం తుంచి తన ముందున్న ఆకులో పెట్టుకుంది. వడ్డించే మనిషి పరోటా వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకూ పడదప్పా. ఎన్నాళ్లనుంచో ఇదే పీడ. చెప్పుకునేదానికి సిగ్గై ఊరకుంటిని. నా కోడలికి తెలుసు, అందుకే దానికీ ముద్దే, నాకూ ముద్దే."

నవ్వులు ఆగిపోయాయి. పెళ్లికూతురి తల్లిని చూసి నవ్వేంత ధైర్యం ఎవరికుంటుంది? వియ్యపురాలు ఒక గిన్నెలో చారు తెప్పించి మా ఇద్దరికీ పోసింది. నేను మా అత్త వైపు చూశాను. ఆమెకూ ఇదే జబ్బని తెలిసి నాకు సంతోషం కలిగింది. దాచడమెందుకు, పండగలాంటి సంతోషం. తోపులోకి చెంబు పట్టుకుపోయేది నేనొక్కదాన్నే కాదు గదా అనుకున్నాను.

ఆ రోజునుంచి మా అత్త పరోటా ముట్టలేదు. మా మామ, "ఇద్దురికీ ఒకే జబ్బా? బాగుండాది అత్తాకోడండ్ల పొంతన" అని గొణిగి, వెనక గోడ దగ్గరున్న మూడు రాళ్లను తానే లోపలికి తెచ్చి పెట్టాడు. అత్తా నేనూ పక్కపక్కన కూర్చుని ముద్ద తినేవాళ్లం. పెళ్లిళ్లకు ఒకే డబ్బాలో ఇద్దరికీ పట్టుకుపోయేవాళ్లం. ఎవరైనా అడిగితే ఆమే ముందుగా, "మా ఇద్దురికీ పడదు" అనేది. ఆమె నోటినుంచి ఆ మాట వచ్చినంతకాలం నేను తల ఎత్తుకునే తిన్నాను. ఆమె పోయాక మళ్లీ ముడుచుకుపోయాను. ఇప్పుడు హోసూరు హోటళ్ల ముందు ముద్ద దొరుకుతుందని రంగురంగుల బోర్డులు. కార్లలో వచ్చి తిని, ఫొటోలు తీసుకుపోతున్నారు. జూజువాడిలో లారీలు ఆగడం మానేశాయి, మా అంగడి ఎప్పుడో మూతపడింది. శిల్ప నలుగురిలో నోరు తెరిచి తనకేం కావాలో అడుగుతుంది. దాని వయసులో నేను కొంగు చాటున చెంబు దాచుకున్నాను. కాలం ఇంత మారినా, హోటల్లో ఒక్క కేక వింటే నా తల అలవాటుగా మోకాళ్లలోకే పోతోంది.

ఆ హోటలు నుంచి ఇంటికి వచ్చాక శిల్ప వాళ్ల తాతకు అంతా చెప్పి నవ్వింది. నేను సర్దుకుంటూ, "మా అత్త ఉన్నింటే నాకు సిగ్గయ్యేది కాదు. ఆమెకూ ఇదే జబ్బు గదా. పాపం, పేరు తెలియకుండానే పోయింది" అన్నాను. మా ఆయన వక్క కొరుకుతున్నవాడు ఆగిపోయాడు.

"అమ్మకా? అమ్మకేం జబ్బు? అమ్మకు రాయి తిన్నా అరిగేది."

"కృష్ణగిరిలో అంతమంది ముందర చెప్పలేదా?"

"చెప్పింది. నువ్వు పుట్టింటికి పోయినప్పుడంతా నాతో కరకరమనేటట్టు ఒక పరోటా కాల్పించుకుని తినేది. నీకు చెప్తే నా చెయ్యి ఇరుస్తానన్నింది." చేతిలోని వక్క పక్కన పెట్టి, మెల్లగా చెప్పాడు. "పోయేముందర కూడా అడిగింది. ఆ నడుమ దినామూ పొట్లం కట్టి తెచ్చిచ్చినాను."

నేను పీట మీద కూర్చుండిపోయాను. అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె మంచం పట్టిన చివరి రోజుల్లో నేను గదిలోకి పోతే ఏదో దుప్పటి కిందికి తోసేసేది. ఒకరోజు దుప్పటి తీసి చూస్తే అరచెయ్యంత నూనె మరక.

"ఇదేందత్తా, ఇంత నూనె?"

"మోకాళ్లకు రాసుకుంటినిలేమ్మా."

"రాసుకునేది సరే, దుప్పటికెందుకు పూస్తావు? ఉతికి చచ్చేది నేను గదా" అని విసుక్కున్నాను. ఆమె నా కళ్లలోకి చూడలేదు. తప్పు చేసిన చిన్నపిల్లలాగా తల పక్కకు తిప్పుకుని, "తప్పైపోయిందిలే" అంది. ఇంకొక దుప్పటి తేవడానికి నేను గది దాటేదాకా ఆమె కుడిచెయ్యి దిండు కిందినుంచి బయటకు రాలేదు.